ఆటలో విరుచుకుపడే కుర్ర కుక్కను దారిలో పెట్టడం ఎలా

మొన్నటిదాకా తోటి కుక్కలతో మెత్తగా దొర్లిన కూన, ఆరేడు నెలలు నిండేసరికి భుజంతో గుద్దడం, మెడ పట్టి కింద పడేయడం, మీదెక్కి దిగకపోవడం మొదలుపెడుతుంది. ఒంటికి పెద్ద కుక్క బలం వచ్చేస్తుంది గానీ ఉద్రేకాన్ని ఆపుకునే నేర్పు ఇంకా రాదు. అది కుదురుకోవడానికి చాలా కుక్కలకు ఏడాదిన్నర, భారీ జాతులకు రెండేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంతవరకు "పెద్దయితే అదే మానుకుంటుందిలే" అని వదిలేయకండి. అవతలి కుక్కను గుద్ది పడేసిన ప్రతిసారీ దానికి సరదా దొరుకుతోంది, సరదా దొరికిన పని అలవాటవుతుంది. మరోవైపు, దాని దెబ్బకు బెదిరిన కుక్కలు రేపు దూరం నుంచే పళ్ళు చూపిస్తాయి, అది చూసి మీ కుక్క కూడా ముందే బిగుసుకుంటుంది. ఆట కాస్తా కొట్లాటగా మారేది చాలాసార్లు ఈ దారినే.

దీనికి విరుగుడు ఆటను మాన్పించడం కాదు. ఆటను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్క చివరా కుక్క మీ దగ్గరికి వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వెళ్ళేలా అలవాటు చేయాలి.

పెత్తనం గురించి ఒక మాట

"ఇది మిగతా కుక్కల మీద పెత్తనం చేస్తోంది, కాబట్టి దీనికి మన పెత్తనం చూపించాలి" అనే సలహా మీకు తప్పకుండా ఎదురవుతుంది. దాని మూలాల్లో ఒకటి, తోడేళ్ళు గుంపులో పైచేయి కోసం పోటీ పడతాయంటూ జంతు ప్రవర్తన శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన పరిశీలన. ఆయన చూసింది బంధించి ఉంచిన తోడేళ్ళను. అడవిలో తోడేళ్ళ గుంపు అంటే మామూలుగా తల్లీ తండ్రీ, వాటి పిల్లలూ ఉన్న కుటుంబమేనని తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో వివరంగా రాశారు. 2009లో అమెరికాలో పశువైద్యురాలు మెగన్ హెరాన్ బృందం పెంపుడు కుక్కల యజమానులను అడిగి చూస్తే, కొట్టడం, వెల్లకిలా పడేసి అదిమిపట్టడం, కళ్ళలోకి గుచ్చి చూడటం వంటి ఒక్కో పద్ధతికీ కనీసం నాలుగో వంతు కుక్కలు తిరగబడినట్టు తేలింది. అందువల్ల మెడ తోలు పట్టి కుదపడం, నేలకేసి నొక్కడం, ముళ్ళ పట్టీ, షాక్ పట్టీ వాడటం పూర్తిగా పక్కన పెట్టండి. వేరే కుక్క దగ్గరున్నప్పుడు నొప్పి కలిగితే, ఆ నొప్పికి కారణం ఆ కుక్కే అనుకునే ప్రమాదం కూడా ఉంది.

ఆటలో కనిపించే దురుసుతనంలో చాలా భాగం ఉద్రేకం పొంగిపొర్లడమే. అవతలి కుక్క చెప్పేది వినే స్థితిలో మీ కుక్క ఉండదు. మీరు నేర్పాల్సింది ఆ స్థితి రాకముందే ఆగడం.

మొదటి పని: చూడటం నేర్చుకోండి

గుర్రుమన్నంత మాత్రాన కొట్లాట కాదు. ఆటలో కుక్కలు గట్టిగా గుర్రుమంటాయి, పళ్ళు చూపిస్తాయి, చెవులు, మెడ, కాళ్ళు నోటితో పడతాయి. మీరు చూడాల్సింది ఒళ్ళు. ఆటలో ఉన్న కుక్క ఒళ్ళు వదులుగా, వంకర్లు తిరుగుతూ ఉంటుంది. నోరు తెరిచి ఉంటుంది. కదలికలు అవసరానికి మించి ఎగిరెగిరిపడుతూ ఉంటాయి. ముందు కాళ్ళు నేల మీద చాచి, వెనుక భాగం పైకెత్తి పిలుస్తుంది. కొరికి విదిలించడం లాంటి, అవతలి కుక్క అపార్థం చేసుకునే వీలున్న పనికి కాస్త ముందో వెనకో కుక్కలు ఈ వంగుడును ఎక్కువగా వాడతాయని జంతు ప్రవర్తన శాస్త్రవేత్త మార్క్ బెకాఫ్ 1995లో చూపించారు. అంటే అది "ఇదంతా ఆటే సుమా" అని చెప్పుకోవడం. దురుసు కుక్కల్లో ముందుగా మాయమయ్యేది ఈ వంగుడు, దాంతోపాటు మధ్యలో తీసుకునే చిన్న చిన్న విరామాలు.

ఆటలో రెండు కుక్కలూ సరిగ్గా సమానంగా పైచేయి మార్చుకోవాలన్న నియమం ఏమీ లేదు. పరిశోధకులు ఎరికా బావర్, బార్బరా స్మట్స్ 2007లో జంటల ఆటను గమనిస్తే చాలా జంటల్లో సగం సగం పంపకం కనిపించలేదు, అయినా ఆట సాగింది. కాబట్టి ఎవరు పైన, ఎవరు కింద అని లెక్కపెట్టకండి. కింద ఉన్న కుక్కకు అది ఇష్టమా కాదా అన్నదే చూడండి.

అది తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. దురుసుగా ఆడుతున్న కుక్కను హార్నెస్ (మెడకు కాకుండా ఛాతీ, వీపు చుట్టూ తొడిగే పట్టీ) పట్టుకుని రెండడుగులు వెనక్కి తీసుకోండి. రెండో కుక్కను ఎవరూ పిలవకూడదు, తోయకూడదు. అది ఒళ్ళు విదిలించుకుని తిరిగి మీ కుక్క దగ్గరికే వస్తే, వదలండి, ఆట సాగనివ్వండి. దూరంగా వెళ్ళినా, యజమాని కాళ్ళ వెనక్కి చేరినా, నేల వాసన చూస్తూ మొహం తిప్పుకున్నా దానికి చాలయిందని అర్థం. అక్కడితో ఆ ఆట అయిపోయినట్టే. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి, పది క్షణాల పని.

పరీక్ష అక్కర్లేకుండానే వెంటనే ఆపాల్సిన గుర్తులు ఇవి:

– మీ కుక్క ఒళ్ళు బిగుసుకుని, నోరు మూసుకుని, రెప్ప వేయకుండా అవతలి కుక్కను చూడటం
– తోక నిలువుగా లేచి బిర్రుగా ఉండటం, గడ్డాన్ని అవతలి కుక్క భుజం మీద ఆనించి కదలకుండా నిలబడటం
– కింద పడిన కుక్క మెడను పట్టి నొక్కి ఉంచడం, అది పెనుగులాడినా వదలకపోవడం
– పట్టుకుని తల అటూ ఇటూ విదిలించడం
– అవతలి కుక్క తోక కాళ్ళ మధ్యకు ముడిచి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూస్తూ, పెదవులు నాక్కుంటూ తప్పించుకోజూడటం
– అది కుయ్యిమని అరిచినా మీ కుక్క తగ్గకుండా ఇంకా రెచ్చిపోవడం

వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం ఒక్కటే కోపానికి గుర్తు కాదు, ఉద్రేకానికి గుర్తు. దాన్ని మిగతా ఒంటితో కలిపి చదవాలి.

ఆటకు ముందు సర్దుకోవాల్సినవి

టీకాల వరుస పూర్తికాకుండా, అంటే సుమారు 16 వారాల వయసు దాటకుండా, ఊరూపేరూ తెలియని కుక్కలతో కలపకండి. ఉన్నట్టుండి దురుసుగా మారిన కుక్కను ముందు వెటర్నరీ డాక్టరుకు చూపించండి. తుంటి నొప్పి, చెవి పోటు, పంటి బాధ ఉన్న కుక్క చిన్న తాకిడికే విసుక్కుంటుంది.

నిద్ర సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ వయసు కుక్కకు రోజుకు 16 గంటలకు అటూ ఇటూగా పడక కావాలి. నిద్ర చాలని కుక్కను "బాగా అలసిపోతే నెమ్మదిస్తుంది" అని ఇంకా పరుగెత్తించడం వల్ల దురుసుతనం పెరుగుతుంది. ఆటకు తీసుకెళ్ళే ముందు ఒక గంటయినా పడుకుని లేచి ఉండాలి. తర్వాత 15, 20 నిమిషాలు నెమ్మదిగా, వాసనలు చూసుకుంటూ నడవనివ్వండి. ఇంటి గేటు నుంచి నేరుగా ఆటలోకి దూకిన కుక్క మొదటి నిమిషంలోనే అదుపు తప్పుతుంది.

సామాన్లు కొన్నే. వీపు మీద కొక్కెం ఉన్న హార్నెస్ ఒకటి. శిక్షణకు 5 నుంచి 10 మీటర్ల పొడవాటి తాడు. ఆటలో వెనకాల ఈడ్చుకుంటూ తిరగడానికి 2, 3 మీటర్ల సన్నని తాడు, దాని చివర పిడి మడత ఉండకూడదు. మడత ఉంటే పొదకో, వేరే కుక్క కాలికో తగులుకుంటుంది. పొడవాటి తాడును ఎప్పుడూ మెడపట్టీకి కట్టకండి, పరుగు మీద ఉన్న కుక్కకు తాడు ఒక్కసారిగా బిగిస్తే మెడకు దెబ్బ. మీ చేతులకు గ్లవ్స్ వేసుకోండి. మెడపట్టీలు ఆటలో తీసేయడం మంచిది. ఒక కుక్క కింది దవడ రెండో కుక్క పట్టీలో ఇరుక్కుంటే రెండూ బెదిరి గింజుకుంటాయి, నిమిషాల్లో ఊపిరాడని పరిస్థితి వస్తుంది. కంచె లేని చోట పట్టీ తీయాలంటే భయమైతే, గట్టిగా లాగితే దానంతటదే విడిపోయే రకం వాడండి.

బంతులు, ఎముకలు, తినే గిన్నెలు ఆ చోట ఉండకూడదు. ఎదకు వచ్చిన ఆడకుక్క ఉన్న గుంపులోకి అసలు వెళ్ళకండి.

రెండు మాటలు నేర్పండి: "రా", "వెళ్ళు"

ఈ మొత్తం పద్ధతి నిలబడేది వీటి మీదే. కాబట్టి కనీసం రెండు వారాలు వీటికే కేటాయించండి, ఆ రెండు వారాలూ దురుసు ఆటలకు సెలవు ఇచ్చేయండి.

మొదట ఇంట్లో, వేరే కుక్క లేని చోట మొదలుపెట్టాలి. "రా" అని ఒక్కసారే పిలవండి. రాగానే వేలి గోరులో సగం ఉండే మెత్తని తిండి ముక్కలు మూడు నాలుగు ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి. ఒక్కటే ముక్క ఇస్తే లాక్కుని పారిపోతుంది, వరుసగా ఇస్తే మీ దగ్గర నిలబడటం అలవాటవుతుంది. ఇస్తూ రెండో చేత్తో హార్నెస్‌ను తాకండి, చేయి పడితే సరదా ఆగిపోదని దానికి తెలియాలి. తర్వాత "వెళ్ళు" అని వదిలేయండి. రోజుకు రెండు పూటలు, పూటకు పదిసార్లు. ఈ తిండి రోజు మొత్తం మేతలో పదో వంతు దాటకుండా చూసుకుని, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి.

పదింట ఎనిమిదిసార్లు మొదటి పిలుపుకే వస్తుంటే బొమ్మతో ఆడుతుండగా పిలవండి. అదీ కుదిరితే బయట, 20, 30 మీటర్ల దూరంలో వేరే కుక్క కనిపిస్తుండగా పొడవాటి తాడుతో చేయండి. అక్కడ కూడా నిలకడ వచ్చాకే ఆటలోకి. ఒక మెట్టులో పదింట అయిదుకు పడిపోతే కిందటి మెట్టుకు దిగండి, మాటను పదే పదే అరిచి పాడుచేయకండి. నాలుగుసార్లు పిలిస్తే వస్తే చాలన్న పాఠమే అది నేర్చుకుంటుంది.

ఆట మధ్యలో పిలిచినప్పుడు పదింట తొమ్మిదిసార్లు తిరిగి ఆటకే పంపాలి. ఇది చాలామంది చేయరు. ఇంటికి బయలుదేరేటప్పుడు మాత్రమే పిలుస్తారు. "రా" అంటే సరదా అయిపోయిందని కుక్క రెండు రోజుల్లో పసిగట్టేస్తుంది, ఆ తర్వాత పట్టుకోవడానికి మైదానమంతా పరుగెత్తాలి. తిరిగి ఆటకు వెళ్ళనివ్వడమే మీరు ఇవ్వగల అతి పెద్ద బహుమతి, తిండి ముక్క దాని తర్వాతే.

తోడు కుక్కను ఎంచుకోవడం

రెండేళ్ళు దాటిన, నిదానమైన, దాదాపు అంతే సైజున్న కుక్క మేలు. మీ కుక్క మితిమీరితే అది చిన్నగా గుర్రుమనో, గాలిలో పళ్ళు కొట్టో చెబుతుంది, చెప్పి మళ్ళీ మామూలైపోతుంది. అలా చెప్పినందుకు దాన్ని ఎవరూ గద్దించకూడదు. అలాగని ప్రతిసారీ బుద్ధి చెప్పే పని దాని నెత్తిన పెట్టకండి. ఒకసారి చెప్పినా మీ కుక్క వినకపోతే జోక్యం చేసుకోవాల్సింది మీరే, లేకపోతే ఆ మంచి కుక్క కూడా చిరాకు పడటం మొదలవుతుంది.

మీ కుక్కలాగే రెచ్చిపోయే మరో కుర్ర కుక్క, ముసలి కుక్క, పిరికి కుక్క ఇప్పటికి వద్దు. బరువులో సగం కూడా లేని చిన్న కుక్కతో అసలే వద్దు. పరుగెత్తే చిన్న కుక్క ఒక్కసారి కీచుమంటే పెద్ద కుక్కలో ఆట పోయి వేట మేలుకోవచ్చు, అప్పుడు ఒక్క కాటు చాలు. మూడో కుక్కను కలపడం కూడా కొన్ని నెలలు వాయిదా వేయండి. ఇద్దరి ఆటలో మూడోది చేరితే చాలాసార్లు రెండు కలిసి ఒకదాన్ని తరుముతాయి.

కలిపే రోజు

1. ఎదురెదురుగా, తాళ్ళు బిగించి, ముక్కుకు ముక్కు పెట్టించి పరిచయం చేయకండి. బిగిసిన తాడు కుక్క ఒంటిని ముందుకు నెట్టినట్టు నిలబెడుతుంది, అవతలి కుక్క దాన్ని సవాలుగా చదువుతుంది. రెండు కుక్కల్నీ 10 మీటర్ల ఎడంతో ఒకే దిక్కుకు నడిపించండి. 10, 15 నిమిషాల్లో మెల్లగా 2 మీటర్ల దాకా దగ్గర చేయండి. మీ కుక్క లాగడం మానేసి నేల వాసన చూడటం మొదలుపెడితే సిద్ధమైనట్టు.

2. తాడు వదులుగా ఉంచి, మూడు క్షణాలు వాసన చూసుకోనిచ్చి "రా" అని తీసుకెళ్ళండి. ఇలా రెండు మూడుసార్లు.

3. కంచె ఉన్న చోట వదలండి. మీ కుక్కకు ఈడ్చుకునే తాడు ఉండాలి. మొదటి ఆట ఒక్క నిమిషమే. పాలు పొంగాక కాదు, పొంగబోతుండగా మంట తగ్గించాలి. అంటే కుక్క ఇంకా వినే స్థితిలో ఉండగానే, వీలైతే అది తనంతట ఆగిన క్షణంలో పిలవాలి.

4. వచ్చాక అవతలి కుక్కకు 5 మీటర్ల దూరంలోనే తిండి ఇవ్వండి, దగ్గరగా ఇస్తే తిండి కోసమే గొడవ రేగుతుంది. నిమిషం సేపు ఉంచండి. రొప్పడం తగ్గి, నాలుగు కాళ్ళ మీద నిలకడగా నిలబడి మీ వైపు చూశాక "వెళ్ళు".

5. ఇదే వరుస. బాగా సాగితే రెండో వారం నుంచి రెండు మూడు నిమిషాల ఆట, నిమిషం విరామం. మొత్తం 15, 20 నిమిషాలకు మించవద్దు. ఆట బాగున్నప్పుడే ముగించి, ఇద్దరూ కలిసి కాస్త దూరం నడిచి ఇంటికి వెళ్ళండి.

ఆటంతసేపూ మీరు కూడా తిరుగుతూ ఉండండి. యజమానులు ఒకేచోట నిలబడి కబుర్లలో పడితే కుక్కలు వాళ్ళ కాళ్ళ దగ్గరే గుమిగూడతాయి, తప్పుకునే చోటు లేని కుక్క తిరగబడుతుంది. ఫోను జేబులోనే ఉండాలి.

పిలిచినా రాకపోతే

"చాలు" అని మామూలు గొంతుతో ఒకసారి అనండి. తాడును అందుకుని చేతులు మార్చుకుంటూ దగ్గరికి వెళ్ళి, కుక్కను 6, 7 మీటర్ల అవతలికి తీసుకెళ్ళండి. కుదపడం, తిట్టడం, బతిమాలడం ఏమీ వద్దు. నిమిషం నుంచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడండి. నెమ్మదించాక వదలండి. దురుసు పనికీ "చాలు" అన్న మాటకూ మధ్య ఒకటి రెండు క్షణాలకు మించి ఎడం ఉంటే కుక్క రెండింటినీ కలుపుకోలేదు, అందుకే ఈడ్చుకునే తాడు ఉండాలన్నది. ఒకే ఆటలో మూడోసారి ఇలా తీయాల్సి వస్తే ఆ రోజుకు ఇంటికే. ఇది కోపంతో చేసే పని కాకూడదు. ఆ రోజు దాని ఓపిక అంతే, పడుకోవాలి.

మీదెక్కడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆడకుక్కలు చేస్తాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవీ చేస్తాయి. ఎక్కువగా ఉద్రేకం పట్టలేక చేసే పని. మీదెక్కాక లాగడం కంటే, గడ్డం అవతలి కుక్క వీపు మీద ఆనించిన క్షణంలోనే పిలవడం పదిరెట్లు సులువు. ఆపరేషన్ చేయిస్తే దురుసు ఆట ఖాయంగా పోతుందని అనుకోకండి. దాని మంచిచెడ్డలు వేరే, డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

దూరం నుంచి పరుగున వచ్చి గుద్దే కుక్కకు అంత పరుగు అందే చోటే లేకుండా చేయండి. మొదట చిన్న ఆవరణలో, లేదా పక్కపక్కన నడకతోనే ఆటలు జరపండి. మెడే పట్టుకునే అలవాటు ఉన్నదాన్ని ఇంట్లో మెత్తని లాగుడు బొమ్మతో ఆడించి, "వదులు" అన్న మాటకు నోరు తెరిచేలా నేర్పండి. నోటితో పట్టే సరదా దానికి అక్కడ తీరుతుంది, వదిలే అలవాటూ వస్తుంది.

కొట్లాట జరిగితే

చాలా కొట్లాటలు అరుపులే ఎక్కువగా ఉండి, కొన్ని క్షణాల్లో ఆగిపోతాయి. ఆగకపోతే చేతులు మెడల దగ్గరికి పోనివ్వకండి, మనుషులకు కాట్లు పడేది అక్కడే. ముందు గట్టి చప్పుడు చేయండి, నీళ్ళు కొట్టండి, దుప్పటి మీద వేయండి, లేదా మధ్యలో అట్టో పలకో దూర్చండి. ఏదీ పనిచేయకపోతే ఇద్దరు మనుషులు ఒకేసారి చెరో కుక్క వెనుక తొడల దగ్గర పట్టి ఎత్తి, వెనక్కి, పక్కకు వంపు తిప్పుతూ లాగాలి. ఒక కుక్కను మాత్రమే లాగితే అది రెండోదానికి దొరికిపోతుంది. పట్టు పట్టి ఉన్నదాన్ని బలంగా గుంజితే చర్మం చీలుతుంది.

తర్వాత బొచ్చు పాయలు తీసి ఒళ్ళంతా వెతకండి. పంటి గాయం పైకి చిన్న రంధ్రంలానే ఉంటుంది, లోపల కండ నలిగి చీము పడుతుంది. ఎంత చిన్నదైనా అదే రోజు డాక్టరుకు చూపించాలి. మనిషికి కాటు పడితే సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంటి శిక్షణతో సరిపెట్టుకోకూడని సందర్భాలు ఉన్నాయి. ఒంటి మీద లోతు రంధ్రాలు పడేలా కరిచినా, పట్టి విదిలించినా, చిన్న కుక్కల వెనకాల చప్పుడు లేకుండా పొంచి వెళ్తున్నా, వేరే కుక్క కనిపించగానే ఆటకు పిలవకుండా నేరుగా మీద పడుతున్నా ఆటలన్నీ ఆపేసి, దండన వాడని ప్రవర్తనా నిపుణుల దగ్గరికి వెళ్ళండి.

మిగతా కుక్కల్లో మార్పు వారాల్లో కనిపిస్తుంది గానీ సాఫీగా రాదు. నెల రోజులు బాగా ఆడి, ఓ వారం మళ్ళీ మొదటికొచ్చినట్టు ఉంటుంది. అప్పుడు కొత్త పద్ధతి వెతక్కండి, ఆట ముక్కల్ని మళ్ళీ ఒక నిమిషానికి తగ్గించండి. మొదటి "చాలు" ఎన్నో నిమిషంలో అనాల్సి వచ్చిందో రాసి పెట్టుకుంటే ముందుకు వెళ్తున్నారో లేదో తెలుస్తుంది. రెండేళ్ళు దగ్గర పడేసరికి కొన్ని కుక్కలకు గుంపు ఆట మీద మోజే తగ్గిపోతుంది, తెలిసిన ఒకటి రెండు కుక్కలతో నడిస్తే చాలంటాయి. అలాంటిదాన్ని సరదా కోసం గుంపులోకి తోయకండి, ఆ రెండు కుక్కలతోనే వారానికి నాలుగైదు నడకలు పెట్టండి.